కర్నల్ సి. కె. నాయుడు

తపతీనది సముద్రమున గలియు చోట వెలసిన సూరతు నగరమున ఆంగ్లేయ వర్తకులు 1613లో తమ కోఠీని నెలకొల్పిరి. ఆ వర్తకసంఘపు ఓడలలో వచ్చిన నావికులే ఈ దేశమునకు క్రికెట్ ఆటను గూడ తెచ్చిరి. సూరతునకు ఉత్తరమున, అదే అఖాతపు ఒడ్డుననున్న ఖంభాతు వద్ద 1721లో ఓడ నిలిచియుండగా, ప్రొద్దు పుచ్చుటకై నావికులు క్రికెట్ ఆడుకొనిరని వారిలో నొకడు వ్రాసిన గ్రంథము వలన తెలియుచున్నది. భారతదేశమున ఈ ఆటను గూర్చి దొరకిన తొలి ప్రస్తావన అదియే. ఆనాడు ఒడ్డున నిలిచి వింత చూచిన జనులకు ఆ కర్ర యేమో, ఆ బంతి యేమో బోధపడియుండదు. అటుపిమ్మట 211 సంవత్సరములకు భారతీయుల జట్టు లండను నగరమున లార్డ్స్ మైదానమున ఆంగ్లేయులతో సమానప్రతిపత్తితో తొలి టెస్టుపోటీ ఆడెను. ఆ జట్టునకు నాయకత్వము వహించినవాడు ఒక తెలుగువాడు. ఆయన పేరు కొట్టారి కనకయ్య నాయుడు. లోకమునకు సి. కె. నాయుడుగా సుపరిచితుడు.

నాయుడు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించెను. పూర్వులు తెలుగుదేశమును విడచి వలసపోయి, మధ్యరాష్ట్రముల రాజధానియైన ఆ పట్టణమున స్థిరపడిరి. పితామహుడు నారాయణస్వామి నాయుడు న్యాయవాది, భూవసతి గలవాడు, కాంగ్రెసు మహాసభ కార్యములలో పాల్గొన్నవాడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడును న్యాయవాదవృత్తి నవలంబించెను. పొట్టకూటికో, కొలువునకో, వ్యాపారమునకో పరరాష్ట్రమునకు పోయిన తెలుగు కుటుంబములు రెండు మూడు తరములలో అచ్చటి వారితో కలసిపోవుట పరిపాటి. నాయుడు కుటుంబము నాగపురమున అట్లే కలసిపోయినను, ఇంటిపేరును, కనకయ్య, సుబ్బన్న వంటి అచ్చతెలుగు పేర్లను మాత్రము విడువలేదు.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి కలదు. 1907వ సంవత్సరపు కాంగ్రెసు మహాసభ నాగపురమున జరుగవలసియుండెను. అచ్చట అతివాదుల బలము హెచ్చుగా నున్నందున మితవాదులు దానిని సూరతునకు మార్చిరి. సూరతు సభ గలభాతో ముగిసి, కాంగ్రెసు రెండుగా చీలిన వృత్తాంతము లోకవిదితము. సరిగా ఆ సంవత్సరముననే బొంబాయిలో ఆంగ్లేయులకును పారసీకులకును ఏటేట జరుగుచుండిన క్రికెట్ పోటీలలో హిందువుల జట్టు మూడవదిగా ప్రవేశించెను. 1912లో ముసల్మానుల జట్టు చేరుటతో అవి క్వాడ్రాంగ్యులర్ పోటీలని ప్రసిద్ధి చెందెను. రాజకీయరంగమున పెద్దలు కుర్చీలు విసరుకొనుచున్న ఆ దినములలో నాగపురమున పండ్రెండేండ్ల బాలుడొకడు హిస్లాప్ పాఠశాల జట్టులో బంతిని దూరముగా విసరికొట్టుట నేర్చుకొనుచుండెను.

నాయుడు ఆరడుగుల పొడగరి; నిటారైన విగ్రహము; ఉక్కువంటి దేహము. చూపులో తీక్ష్ణత, నడకలో సైనికుని ఠీవి పుట్టుకతోనే అబ్బినట్లుండెను. 1916లో హిందువుల జట్టు పక్షమున ఆంగ్లేయులపై తన మొదటి ప్రథమశ్రేణి పోటీని ఆడెను. ఆయన బ్యాటుతో మైదానమునకు వచ్చునప్పటికి జట్టు 79 పరుగులకే 7 వికెట్లు కోల్పోయి దీనస్థితిలో నుండెను. క్రొత్తవాడు మొదటి మూడు బంతులను నిదానముగా అడ్డుకొనెను. నాలుగవ బంతిని సిక్సరుగా కొట్టెను. ఆయన యావజ్జీవ క్రీడాపద్ధతి ఆ నాలుగు బంతులలోనే ఇమిడియున్నదనవచ్చును: మొదట పరిశీలన, పిదప దండయాత్ర.

ఆనాటి బొంబాయి పోటీలు మతముల వారీగా జరుగుట నేటివారికి రోతగా తోచవచ్చును. తోచవలసినదే. ఆ దోషమునకు తోడు హిందువుల జట్టులో కులభేదములును ఉండెను. పల్వంకర్ బాలూ అను మహాబౌలరు అస్పృశ్యుడని యెన్నబడిన కులమున పుట్టినందున జట్టునకు నాయకుడు కాలేకపోయెను. ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో గాని ఆ గౌరవము దక్కలేదు. ప్రతిభ యొకవైపు, పుట్టుక యొకవైపు నిలిచి పోరాడిన ఈ పోరాటమే మరియొక రూపమున నాయుడు జీవితమునందును ఎదురయ్యెను.

అదే 1923లో ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కరు ఆహ్వానముపై నాయుడు నాగపురము విడచి ఇందూరు చేరెను. మహారాజు ఆయనకు తన సైన్యమున కెప్టెను పదవి నొసగెను. కాలక్రమమున ఆయన కర్నలు అయ్యెను. క్రీడాకారులకు జీతభత్యములు లేని ఆ రోజులలో స్వదేశ సంస్థానముల కొలువే వారికి ఆధారము. సంస్థానాధిపతుల డాంబికమును ఎంత ఆక్షేపించినను, క్రికెట్‌ను పోషించిన పుణ్యము మాత్రము వారిలో కొందరికి చెందవలసియున్నది.

1926వ సంవత్సరము నాయుడు జీవితమున మాత్రమే కాక దేశక్రీడాచరిత్రలో గూడ ఒక మలుపు. ఆ శీతకాలమున ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు ఇంగ్లండు నుండి వచ్చెను. బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టుతో పోటీ. అతిథులు తొలిరోజున 363 పరుగులు చేసిరి. వారిలో గై ఎర్ల్ అను బలశాలి 8 సిక్సర్లతో 130 పరుగులు సాధించెను. మరునాడు, అనగా డిసెంబరు 1వ తేదీన, నాయుడు బ్యాటు చేతబట్టెను. రెండు గంటలు నిండకమునుపే 153 పరుగులు! అందు 13 బౌండరీలు, 11 సిక్సర్లు. అన్ని సిక్సర్లు ఒక్క ఇన్నింగ్సులో కొట్టిన వారు అంతవరకు లేరు. వార్త నగరమంతట ప్రాకగా కచేరీల నుండి గుమాస్తాలు, అంగళ్ళ నుండి వర్తకులు మైదానమునకు పరుగులిడిరట; చోటు చాలక చెట్లెక్కిరట, మేడలెక్కిరట. తోటి ఉద్యోగులు సెలవుచీటీ లేకయే కుర్చీలు ఖాళీ చేసిన ఆనాటి దృశ్యమును సర్కారు కొలువులోని పాఠకులు ఊహించుకొనగలరు! ఎం.సి.సి. వారు నాయుడుకు వెండి బ్యాటును బహూకరించిరి.

ఆ ఒక్క ఇన్నింగ్సు చేసిన మేలు ఇంతంత కాదు. కొలది దినములకే అఖిలభారత జట్టు పక్షమున డి. బి. దేవధర్ 148 పరుగులు చేయుటతో, భారతీయులు టెస్టు హోదాకు తగినవారని గిల్లిగన్‌కు నమ్మకము కుదిరెను. దేశమునకంతకు ఒక క్రికెట్ మండలి నేర్పరచుకొనుడని ఆయన ప్రోత్సహించెను. 1928 డిసెంబరులో బోర్డు అవతరించెను. గ్రాంట్ గోవన్ అధ్యక్షుడు. ఆంథొనీ డిమెల్లో కార్యదర్శి.

ఈ ఘట్టముననే మరియొక తెలుగు ప్రముఖుడు రంగమున ప్రవేశించెను. విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజు కాశీలో నివసించుచు క్రికెట్‌పై ధనమును నీళ్ళవలె వెచ్చించుచుండెను. శాసనోల్లంఘన ఉద్యమము వలన 1930–31లో రావలసిన ఎం.సి.సి. పర్యటన ఆగిపోగా, ఆయన సొంత ఖర్చుతో హాబ్స్, సట్‌క్లిఫ్ అను జగత్ప్రసిద్ధులను రప్పించి, తన జట్టుతో భారత, సింహళ దేశములలో ఆడించెను. ఆ జట్టులో నాయుడును ఉండెను. ఆ యేడు హైదరాబాదున మొయినుద్దౌలా బంగారుకప్పు పోటీలలో తెలుగునాటి ప్రేక్షకులు ఆ మహారథులను చూడగలిగిరి. విజ్జీ యని పిలువబడిన ఈ రాజకుమారునికి ఆటపై గల ప్రేమ నిజమైనది. ఆడగల శక్తిపై ఆయనకున్న విశ్వాసము మాత్రము అంత నిజమైనది కాదు. దానికి తగిన ఫలము తరువాత అందరును అనుభవించిరి.

1932లో ఇంగ్లండు పర్యటన నిశ్చయమయ్యెను. దేశము అప్పుడు అట్టుడికినట్లుండెను. జనవరిలో గాంధీమహాత్ముని బంధించిరి, కారాగారములు నిండెను. నాయకులు చెరలో నుండగా తాము ఆటకు పోజాలమని విజయ్ మర్చంట్, ఎల్. పి. జై వంటి బొంబాయి ఆటగాండ్రు నిరాకరించిరి. వారి త్యాగము గౌరవింపదగినది. వెళ్ళినవారిని తప్పుపట్టుటయు న్యాయము కాదు, ఏలయనగా భారతీయుడు ఆంగ్లేయునికి తీసిపోడని నిరూపించుటకు మైదానము గూడ ఒక రంగమే. నాయుడు సంస్థానపు సైనికోద్యోగి, ఆయన వెళ్ళెను.

జట్టునకు నాయకుడెవరు? ప్రతిభయే ప్రమాణమైనచో ప్రశ్నయే లేదు. కాని ఆనాటి ప్రమాణము వేరు. నాయకుడు రాజవంశీయుడై యుండవలెనని ఒక అలిఖిత శాసనము. పాటియాలా మహారాజు మొదట పూనుకొని పిదప మానుకొనెను. పోరుబందరు మహారాజు నాయకుడుగాను, ఆయన బావమరిది లింబ్డీ రాజకుమారుడు ఘనశ్యామసింహజీ ఉపనాయకుడుగాను, విజ్జీ సహాయ ఉపనాయకుడుగాను నియమింపబడిరి. మూడవస్థానము నచ్చకనో మరేలనో విజ్జీ ఆరోగ్యకారణము జెప్పి ప్రయాణము మానుకొనెను. పోరుబందరు పుత్రుడగు గాంధీజీ యరవాడ చెరలో నుండగా పోరుబందరు ప్రభువు భారతజట్టు నాయకుడై సీమకు ఓడ నెక్కుట విధివిలాసము!

ఆ పోరుబందరు మహారాజు ఆటగాడుగా గణనకు రానివాడు. పర్యటనమందలి ప్రథమశ్రేణి పోటీలలో ఆయన చేసిన మొత్తము రెండే పరుగులు. ఆయనకున్న రోల్స్‌రాయిస్ కార్ల సంఖ్య అంతకంటె హెచ్చని పరిహాసములాడిరి. అయినను ఆయన యందు ఒక దొడ్డగుణము కలదు. తన కొలత తానెరిగినవాడు. కొన్ని పోటీలాడిన పిమ్మట స్వయముగా తప్పుకొని, మైదానమున నాయకత్వమును నాయుడు చేతికి అప్పగించెను. లింబ్డీ రాజకుమారునికి నడుము పట్టి టెస్టునాటికి ఆడలేకపోయెను. అట్లు నాయుడు భారతదేశపు మొదటి టెస్టు నాయకుడయ్యెను.

అంతటితో చిక్కు తీరలేదు. రాజవంశము కాని వాని క్రింద, అందును కఠినశిక్షకుడైన నాయుడు క్రింద ఆడుట జట్టులో కొందరికి కంటగింపయ్యెను. టెస్టు ముందటి రాత్రి వారు మహారాజును నిద్రలేపి తాము ఆడమని మొరాయించిరనియు, స్వదేశము నుండి పాటియాలా మహారాజు తంతి వచ్చిన పిదప గాని దారికి రాలేదనియు పలువురు చరిత్రకారులు వ్రాసియున్నారు. అట్టి జట్టును వెంటబెట్టుకొని 1932 జూన్ 25వ తేదీ ఉదయమున నాయుడు లార్డ్స్ మైదానమున అడుగిడెను.

ఆ దినములలో ఇంగ్లండు ప్రజకు వినోదములు కొదువ కావు. 1929 నుండి లీగు పోటీలుగా మారిన మోటారు సైకిళ్ళ ధూళిపందెములు వేంబ్లీ వంటి స్టేడియములలో సాయంకాలములందు వేలకొలది జనులను ఆకర్షించుచుండెను. అయినను ఆ శనివారమున పెద్ద జనసమూహము లార్డ్స్‌కు చేరెను. భారతజట్టు ఎంత వేగముగా ఓడునో చూతమని వచ్చినవారే అందు ఎక్కువమంది యైయుందురు.

ప్రతిపక్షనాయకుడు డగ్లస్ జార్డిన్ టాసు గెలిచి బ్యాటింగు కోరెను. హోమ్స్, సట్‌క్లిఫ్ జంట ఆట ప్రారంభించెను. పది దినములు గడువకమునుపే ఈ ఇరువురు యార్క్‌షైరు పక్షమున లేటన్ మైదానమున మొదటి వికెట్టుకు 555 పరుగులు కూర్చి ప్రపంచమును నివ్వెరపరచి యుండిరి. వారి నెదుర్కొనినవాడు మహమ్మద్ నిస్సార్, పంజాబీ, ఏనుగువంటి శరీరము, పిడుగువంటి బంతి. సట్‌క్లిఫ్ 3 పరుగులకు, హోమ్స్ 6 పరుగులకు నిస్సార్ బంతికి వికెట్లు ఎగిరి వెడలిపోయిరి. మలయా నుండి వచ్చిన లాల్‌సింగ్ చిరుతవలె దూకి ఊలీని రనౌట్ చేసెను. 19 పరుగులకు మూడు వికెట్లు! ఆట ప్రారంభమై అరగంటయైనను కాలేదు. లార్డ్స్ పెవిలియనులో పెద్దమనుష్యులు కండ్లు నులుముకొని స్కోరుబోర్డు చూచుకొనిరన్నచో అతిశయోక్తి కానేరదు.

జార్డిన్ 79, ఏమ్స్ 65 పరుగులు చేసి తమ జట్టును గట్టెక్కించిరి. ఇంగ్లండు 259 పరుగులకు ముగిసెను. నిస్సార్‌కు 5 వికెట్లు. ఫీల్డింగులో నాయుడు చేతికి గాయము తగిలెను. ఆ చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేసెను. భారతజట్టు 189 పరుగులలో అదియే అత్యధికము. పాలియా, నజీర్ ఆలీ అను ఇరువురు గూడ గాయపడి కుంటుచుండిరి. రెండవ ఇన్నింగ్సులో జార్డిన్ మరల 85 పరుగులతో అజేయుడై నిలిచెను. ఇంగ్లండు 8 వికెట్లకు 275 పరుగులతో డిక్లేరు చేసెను. భారతజట్టు 187 పరుగులకు కూలెను. అందు తొమ్మిదవ, పదవ స్థానములలో ఆడువారు చేయదగని సాహసముతో అమర్‌సింగ్ 51 పరుగులు సాధించెను. జామ్‌నగరపు ఈ బౌలరు బ్యాటుతో గూడ మాటలాడగలవాడు. 158 పరుగుల తేడాతో ఇంగ్లండు గెలిచెను. మూడు దినములలో పోటీ ముగిసెను గాని, ఆ మొదటి ఉదయమును ఇంగ్లండువారు మరువలేదు.

ఆ వేసవిలో నాయుడు ఒంటరిగా మోసిన బరువు గమనింపదగినది. అదే లార్డ్స్‌లో మే నెలలో ఎం.సి.సి. పై 118 పరుగులు చేసి అజేయుడై నిలిచియుండెను. బర్మింగ్‌హాములో వార్విక్‌షైరు జట్టుపై 162 పరుగులు చేసెను. ఆ పోటీలో ఆయన కొట్టిన సిక్సరొకటి మైదానము ప్రక్కనున్న రీ నది దాటి పడెననియు, ఆ నదియే జిల్లాల సరిహద్దు గావున బంతి వార్విక్‌షైరున బయలుదేరి వూస్టర్‌షైరున దిగెననియు ఒక కథ ప్రచారమున నున్నది. కథలు పుట్టుటకు గూడ కొంత యోగ్యత కావలయును. ప్రథమశ్రేణి పోటీలలో ఆయన మొత్తము పరుగులు 1,618, సెంచరీలు 5, సిక్సర్లు 32. ఇవి చాలవన్నట్లు బౌలరుగా 65 వికెట్లు. అప్పటికాయన వయస్సు ముప్పదియారు దాటెను. 1933లో విజ్డెన్ వార్షికగ్రంథము ఆయనను ఆ యేటి ఐదుగురు శ్రేష్ఠక్రీడాకారులలో నొకనిగా ఎన్నుకొనెను. అంతకుముందు ఆ గౌరవమందిన రంజీ, దులీప్, పటౌడీలు ఇంగ్లండు పక్షమున ఆడినవారు. భారతదేశము పక్షమున ఆడి దానిని పొందినవారిలో నాయుడే ప్రథముడు.

1933–34లో జార్డిన్ జట్టు భారతదేశమునకు వచ్చెను. ఈసారి నాయుడే నాయకుడు. భారతగడ్డపై జరిగిన ఆ మొదటి టెస్టు బొంబాయి జింఖానాలోనే జరిగెను. రెండవ ఇన్నింగ్సులో లాలా అమర్‌నాథ్ అను యువకుడు విజృంభించి 118 పరుగులు చేసెను. భారతీయులలో తొలి టెస్టు సెంచరీ అది. రెండవ కొస నుండి పెద్దన్నవలె కాచుకొని నాయుడు 67 పరుగులు చేసెను. ఇరువురి భాగస్వామ్యము 186. పోటీ ఓడిపోయినను ప్రేక్షకులు పండుగ చేసికొనిరి. కలకత్తా టెస్టులో నాయుడు తమ్ముడు సుబ్బన్న, అనగా సి. ఎస్. నాయుడు, మొదటిసారిగా ఆడెను. కలకత్తా పోటీ సమముగా ముగియగా, మద్రాసులో ఇంగ్లండు గెలిచి 2–0తో పర్యటన ముగించెను.

1936లో మరల ఇంగ్లండు ప్రయాణము. నలుబదవయేట నున్న నాయుడు నాయకుడగునని సామాన్యులు తలచిరి. బోర్డు విజ్జీని ఎన్నుకొనెను. ఒక తెలుగు రాజకుమారుని క్రింద ఒక తెలుగు మహావీరుడు సామాన్యసభ్యుడుగా ఓడ నెక్కెను. ఇది మనకు గర్వకారణమో విచారకారణమో చెప్పుట కష్టము. ఆ పర్యటన అంతఃకలహముల పుట్ట. అమర్‌నాథ్‌ను నడుమనే ఇంటికి పంపివేసిరి. జట్టు నాయుడు పక్షము, విజ్జీ పక్షము అని రెండుగా చీలెను. నాయుడును ఉదయపు ఫలహారపు బల్లవద్ద అవమానించినందుకు ప్రతిఫలముగా ఒక ఆటగానికి టెస్టులో చోటు దొరకెనని గూడ చెప్పుకొందురు. విజ్జీకి ఆ వేసవిలో సర్ బిరుదము లభించెను; మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు 33.

ఈ తగవులో తప్పంతయు ఒక్కవైపే యుండెననుటకు వీలులేదు. నాయుడు మాట కటువు, పొగడ్త ఎరుగనివాడు, తనవలె అందరును నొప్పిని ఓర్చుకొనవలెననువాడు, తనకంటె తక్కువ ఆటగాని ఆజ్ఞకు లోబడుట ఆయనకు సహింపరానిది. అయినను ఓవల్ మైదానమున జరిగిన మూడవ టెస్టును చూచినవారు ఆయన దోషములను మరచియుందురు. ఫాలో ఆన్‌లో పడిన జట్టు మరల బ్యాటింగు చేయుచుండెను. గబ్బీ ఆలెన్ విసరిన బంతి నాయుడు పొట్టపై బలముగా తగిలెను. ఆయన తమాయించుకొని నిలిచి, మైదానము వీడక ఆట సాగించి, 81 పరుగులు చేసెను. టెస్టులలో ఆయనకు అదియే అత్యధికము. అదియే ఆయన చివరి టెస్టు. 7 టెస్టులు, 350 పరుగులు, 9 వికెట్లు. అంకెలు చూచిన స్వల్పములు. ముప్పదియారవయేట గాని మొదటి టెస్టు దొరకని వానికి అంకెలెట్లు న్యాయము చేయును?

సాధారణముగా అంతటితో ఒక క్రీడాకారుని కథ ముగియును. నాయుడు కథలో మాత్రము సగమే ముగిసెను. ఇందూరున హోల్కరు జట్టును ఆయన మలచిన తీరు ప్రత్యేకగ్రంథమునకు తగినది. ముష్తాఖ్ ఆలీని బాల్యముననే గుర్తించి తీర్చిదిద్దినది ఆయనయే. సర్వటే, జగ్దలే, భాయా, నింబాల్కర్, గైక్వాడ్ వంటివారు ఆయన శిక్షణలో రాటుదేలిరి. ఆ జట్టున ఆలస్యముగా వచ్చుట, బంతి తగిలినచోట రుద్దుకొనుట గూడ నేరములే. 1944–45 నుండి 1952–53 వరకు తొమ్మిది సంవత్సరములలో హోల్కరు జట్టు ఎనిమిదిసార్లు రంజీట్రోఫీ ఫైనలు చేరెను, నాలుగుసార్లు గెలిచెను.

1944–45 ఫైనలులో బొంబాయి జట్టుతో జరిగిన పోటీ ఒక పురాణయుద్ధము. యుద్ధకాలమున మౌ దండులో పనిచేయుచున్న ఆంగ్లవీరుడు డెనిస్ కాంప్టన్ హోల్కరు పక్షమున 249 పరుగులతో అజేయుడై నిలిచినను గెలుపు బొంబాయికే దక్కెను. ఆ పోటీలో తమ్ముడు సి. ఎస్. నాయుడు చేత అన్నగారు వేయించిన బంతులు 917! ఒక్క పోటీలో ఏ బౌలరును అన్ని బంతులు వేసియుండలేదు. బంధుప్రీతి యను మాటకు సి. కె. నాయుడు నిఘంటువులో అర్థము వేరుగా నుండెను కాబోలు. మరుసటి సంవత్సరము మైసూరుపై హోల్కరు జట్టు 8 వికెట్లకు 912 పరుగులు చేసెను. ఆరుగురు సెంచరీలు సాధించిరి. ఏబదియేండ్ల నాయకుడు వారిలో నొకడు. ఆ యేడే బరోడాపై ఆయన 200 పరుగులు చేసెను.

1951–52లో బొంబాయిపై ఫైనలు ఆడుచుండగా దత్తూ ఫడ్కర్ విసరిన బంతి లేచి నాయుడు నోటికి తగిలెను. రెండు పళ్ళు విరిగి పిచ్‌పై పడెను. అప్పటికాయనకు ఏబదియారేండ్లు. వైద్యుని దరిచేరనీయక, విరిగిన పళ్ళను ప్రక్కకు తోసి, బౌలరును మరల వేగముగానే వేయుమని సైగచేసి, ఆట సాగించెనని ఆ తరమువారు కథలుగా చెప్పుకొనిరి.

1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆ యేటి రంజీపోటీలలో ఆంధ్రజట్టు మొట్టమొదటిసారిగా ప్రవేశించినప్పుడు నాయకుడుగా నిలిచినవాడు సి. కె. నాయుడే. పూర్వులు విడచివచ్చిన నేల పిలువగా ఏబదియెనిమిదవయేట ఆయన బ్యాటు చేతబట్టి వచ్చెను. పసికూనవంటి ఆ జట్టు విజయములు సాధింపలేదు. కాని ఆంధ్రక్రికెట్ చరిత్ర ఆయన పేరుతో మొదలగుట ఆ జట్టు చేసికొన్న పుణ్యము.

1956లో భారతప్రభుత్వము ఆయనను పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. ఆ శీతకాలమున ఆయన ఉత్తరప్రదేశ్ జట్టునకు నాయకుడై రంజీపోటీలాడెను. ఆ రాష్ట్రపు క్రికెట్ సంఘమునకు చిరకాలము పెద్దదిక్కుగా నున్నవాడు విజ్జీయే! వయస్సు పాతపగలను కొంత చల్లార్చియుండును. రాజస్థాన్‌పై 84 పరుగులు చేసెను. ఆ ఇన్నింగ్సులో వినూ మన్కడ్ వంటి బౌలరును రెండు సిక్సర్లు కొట్టెను. చివరి ఇన్నింగ్సులో 52 పరుగులు. అప్పటికాయన వయస్సు అరువదియొకటి. ఉద్యోగులు పింఛను కాగితములతో కచేరీల చుట్టు తిరుగు వయస్సున ఆయన వికెట్ల నడుమ పరుగులిడుచుండెను. ప్రథమశ్రేణి పోటీలు 207, పరుగులు 11,825, సెంచరీలు 26, వికెట్లు 411.

ఎంపికసంఘపు అధ్యక్షుడుగా గూడ ఆయన కొంతకాలము పనిచేసెను. అచ్చటను ఆయన కాఠిన్యమే మిత్రులను తగ్గించి విమర్శకులను పెంచెను. 1963–64లో ఒక ధర్మార్థపు పోటీలో, అరువదియెనిమిదవయేట, చివరిసారిగా మైదానమున కనబడెను. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున కాలధర్మము చెందెను. 1973–74 నుండి యువకుల జాతీయపోటీలకు ఆయన పేరు పెట్టిరి. 1994లో బోర్డు ఆయన పేరుతో జీవితసాఫల్య పురస్కారమును నెలకొల్పెను.

కుమార్తె చంద్ర ఇందూరున ఆంగ్లోపన్యాసకురాలై, తండ్రినిగూర్చి ఒక గ్రంథము వ్రాసెను. భారతదేశమున క్రికెట్ వ్యాఖ్యానము చేసిన తొలి మహిళ ఆమెయే. 1976–77లో ఎం.సి.సి. జట్టు ఇందూరునకు వచ్చి బొంబాయి జట్టుతో ఆడినప్పుడు ఆమె రేడియో ముందు కూర్చుండి ఆటను వర్ణించెను. తండ్రి బొంబాయి జింఖానాలో అదే ఎం.సి.సి. పై పదునొకండు సిక్సర్లు కొట్టి అప్పటికి సరిగా ఏబది శీతకాలములు గడచియుండెను.